ఉద్దానం కిడ్నీ రోగుల కోసం సంక్రాంతికి విరాళాల కార్యక్రమం: అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, సోంపేట దగ్గర పల్లె. ఇక్కడ చాలా ఇళ్లలో కిడ్నీ జబ్బు మనుషులున్నారు. డయాలసిస్ ఉచితంగానే చేస్తున్నారు, కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లి రావడానికి ఆటో ఖర్చు, తోడు వెళ్లినవాళ్లు పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? ఆ ఖర్చులకే డబ్బు పోగు చేద్దామని మా కుర్రాళ్లందరం అనుకున్నాం.

హైదరాబాద్, విశాఖ, చెన్నై వలస వెళ్లినవాళ్లంతా సంక్రాంతికే ఊరికొస్తారు. అందుకే కనుమ సాయంత్రం తప్పెటగుళ్లు (గుండెల మీద తప్పెట్లు కట్టుకుని ఆడిపాడే మా జానపద కళ) పెట్టిద్దామని ఉంది. బృందంలో పదిహేను, ఇరవై మంది ఉంటారు. వాళ్లకి పారితోషికం తగ్గించమని అడగడం నాకు ఇష్టం లేదు, వాళ్లూ పేదవాళ్లే. మరి స్టేజీ, మైకు, భోజనాల ఖర్చు విరాళాల్లోంచి తీయకుండా ముందే స్పాన్సర్లని ఎలా పట్టుకోవాలి? పలాస జీడిపప్పు వ్యాపారుల్ని అడిగితే ఇస్తారా?

టికెట్ పెడితే ఊళ్లోవాళ్లు రారేమో. ప్రవేశం ఉచితంగా ఉంచి, క్యూఆర్ కోడ్, హుండీ పెడితే నయమా?

అన్నిటికన్నా టెన్షన్ లెక్కల గురించే. ఎవరి సొంత ఖాతాలోనూ డబ్బు పడకూడదు. 80జీ (విరాళాలకి ఆదాయపు పన్ను మినహాయింపు) గుర్తింపు ఉన్న ట్రస్టు ద్వారా తీసుకుంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతలకి మినహాయింపు ఉంటుంది, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాదని తెలుసు. అలాంటి ట్రస్టుతో కలిసి చేసినవాళ్లు ఉంటే, ఒప్పందం కాగితం మీద ఏం రాసుకున్నారో చెప్పండి. రాత్రి పదికల్లా మైకు ఆపేస్తాం. పోలీసు అనుమతికి ఎన్ని రోజుల ముందు వెళ్లాలి?