పాలసీలో నామినీ అమ్మ, వీలునామాలో వదిన. బీమా డబ్బు ఎవరికి?

నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండు నెలల క్రితం మా అన్న గుండెపోటుతో చనిపోయాడు. 2011లో, పెళ్లికి ముందే, ఇరవై లక్షల జీవిత బీమా తీసుకొని అమ్మను నామినీగా పెట్టాడు. తర్వాత మార్చలేదు. పోయినేడు మాత్రం తెల్లకాగితం మీద వీలునామా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాడు. 'బీమా డబ్బుతో సహా అంతా నా భార్యకు, పిల్లలకు' అని అందులో స్పష్టంగా ఉంది. రిజిస్టర్ కాలేదు, వీలునామాకు అది తప్పనిసరి కాదని తెలుసు.

నా తికమకంతా బీమా చట్టం 39వ సెక్షన్‌తోనే. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015 సవరణ తర్వాతేమో తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లదే అంటున్నారు. అదే సెక్షన్‌లో నామినేషన్‌ను వీలునామాతో కూడా మార్చవచ్చని ఉంది. కానీ ఆ మార్పును రాతపూర్వకంగా కంపెనీకి తెలపకపోతే, నామినీకి చెల్లించేశాక కంపెనీకి బాధ్యత ఉండదు.

అన్న తెలపలేదు. ఇప్పుడు వదిన వీలునామా నకలుతో నోటీసు ఇస్తే చెల్లుతుందా? అమ్మ 'నా మనవలదే' అంటోంది, మేనమామ మాత్రం ఆమెను ఆపుతున్నాడు. అమ్మే తీసుకొని పిల్లల పేరిట డిపాజిట్ చేస్తే తర్వాత చిక్కులుంటాయా? క్లెయిమ్ ఫారం ఇంకా ఇవ్వలేదు. ఇద్దరు చిన్నపిల్లల చదువు దీని మీదే ఉంది. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు, వకీళ్లు దయచేసి చెప్పండి.