రోగ్‌లైక్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న అడిగినవారు:

అందరికీ నమస్కారం. నెట్‌హ్యాక్ అనే పాత కంప్యూటర్ ఆట మీద తెలుగు వికీపీడియాకి నలుగురం కలిసి ఒక వ్యాసం రాస్తున్నాం. నలుగురికీ ఆ ఆట పిచ్చి ఉంది కానీ భాష చదువుకున్నవాళ్ళం ఒక్కరమూ లేం. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగిపోయింది. "నెట్‌హ్యాక్ ఒక ఓపెన్ సోర్స్ రోగ్‌లైక్ ఆట" అని ఒకరు రాశారు. రోగ్‌లైక్ అంటే ఎవరికి తెలుస్తుందని ఇంకొకరు, ఇంగ్లిషులో రోగ్ అంటే ధూర్తుడు, లైక్ అంటే లాంటి కదా అని దాన్ని "ధూర్తసదృశ క్రీడ" చేశారు. మూడో ఆయన అది చూసి జడుసుకుని "దొంగలాంటి ఆట" అని మార్చారు. ఇప్పుడు చదివితే ఏదో మోసపు ఆట గురించి జనాన్ని హెచ్చరిస్తున్నట్టుంది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1980లో అమెరికాలో ఇద్దరు విద్యార్థులు, మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్, రోగ్ అనే ఆట రాశారు. తెర మీద బొమ్మలుండవు, అంతా అక్షరాలే. @ గుర్తు మీరు. ఇంగ్లిషు పెద్దక్షరాలు రాక్షసులు. భూమి కింద గదులు, నడవలు, ఇంకా కిందికి మెట్లు. ఆడిన ప్రతిసారీ ఆ గదుల అమరిక కొత్తగా పుడుతుంది. చస్తే అంతే, మళ్ళీ మొదటి నుంచి. దాని పోలికలో తర్వాత పుట్టుకొచ్చిన ఆటలన్నిటినీ రోగ్‌లైక్‌లు అంటున్నారు. దీనికి తెలుగులో ఒక్క మాట కావాలి. ఉందా?

తెలుగు మాస్టారు ఒకరు:

బాబూ, ముందు ఒకటి తేల్చండి. ఇక్కడ రోగ్ అన్నది నామవాచకమా, పేరా? "దొంగలాంటి" అనాలంటే అందులో దొంగ ఉండాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఈ ఆటలు దొంగలా లేవు, రోగ్ అనే పేరున్న ఒక ఆటలా ఉన్నాయి. పేరుని అనువదించకూడదు. రామారావుగారబ్బాయిని ఎవరైనా "ఆనందపెట్టే రాజు కొడుకు" అంటారా?

పైగా ఒక రచన పేరే ఆ కోవకంతటికీ పేరైపోవడం మనకి కొత్తేమీ కాదు. గురజాడ 1910లో "ముత్యాల సరములు" రాశారు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు కలిసి నడిచే ఆ నడకతో తర్వాత ఎంతమంది రాసినా దాన్ని ముత్యాల సరం అనే అంటున్నాం. ముత్యాల గురించి ఒక్క ముక్క లేకపోయినా సరే. మీ రోగ్ కూడా అలాంటిదే. దొంగ లేకపోయినా రోగే.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, దండం. ధూర్తుడినీ దొంగనీ ఇద్దరినీ ఇప్పుడే సాగనంపాను. కానీ ఆ లైక్ సంగతేమిటి? అదొక్కటీ ఇంగ్లిషులో వేలాడుతోంది.

ఆట ఆడే ఒకాయన:

అసలు గొడవ లైక్‌తో కాదండీ, రోగ్‌తోనే. మనవాళ్ళకి పొల్లుతో ఆపే అలవాటు తక్కువ. బస్ అని రాసినా బస్సు అనే అంటాం. రోగ్ కూడా నాలుక మీద రోగు అవుతుంది. దానికి బహువచనం పెట్టి చూడండి. "1980ల్లో విశ్వవిద్యాలయాల్లో రోగులు బాగా పెరిగారు." ఇది నేను కల్పించింది కాదు. మా వ్యాసం మొదటి ప్రతిలో నిజంగానే ఉంది. "రోగ్‌లు బాగా పెరిగాయి" అని ఒకరు రాస్తే, ఇంకొకరు సదుద్దేశంతో అచ్చుతప్పనుకుని దిద్దారు. మూడు రోజులు ఎవరూ చూడలేదు.

అనువాదాలు చేసే ఒకావిడ:

నవ్వాపుకోలేకపోతున్నాను. ఆ "బాగా పెరిగారు" దగ్గర క్రియని కూడా మనుషులకి సరిపోయేలా దిద్దారు చూడండి, ఆ దిద్దినాయన వ్యాకరణంలో గట్టివాడే.

లైక్‌కి నా దగ్గరున్నవి చెబుతాను. "వంటి" అంటే పోలిక మాత్రమే, జాతి కాదు. "రోగ్ వంటి ఆట" అంటే రోగ్ కాదు కానీ కాస్త అలా ఉంటుందని. "బాణీ" వినడానికి బాగుంటుంది కానీ పాట గుర్తొస్తుంది. "ఫక్కీ" అనగానే వెనకాల దొంగతనం వార్త నడిచొస్తుంది, సినీ ఫక్కీలో చోరీ అని. మీరు ఇప్పుడే దొంగని సాగనంపారు, మళ్ళీ కిటికీలోంచి రప్పించకండి. "కోవ" నాకిష్టం. వరస అనీ, తెగ అనీ రెండర్థాలూ ఉన్నాయి. కానీ "రోగ్ కోవ ఆట" అంటే కొత్తగా చదివేవాడు ఒక క్షణం ఆగుతాడు. "తరహా" దగ్గర ఎవరూ ఆగరు. ఉర్దూ నుంచి వచ్చిందని పెద్దవాళ్ళెవరైనా మూతి విరవవచ్చు గానీ, అది వచ్చి ఎంతకాలమైందో. నా ఓటు "రోగ్ తరహా ఆట"కి. తరహా పక్కన ఉంటే రోగ్‌కి బహువచనం పెట్టే పనే ఉండదు. రోగ్ తరహా ఆటలు. ఆ రోగుల గండం కూడా గడిచిపోతుంది.

తెలుగు మాస్టారు:

అమ్మాయి చెప్పింది బాగుంది. సంస్కృతంలో ఛ ప్రత్యయం చేర్చి పాణిని నుంచి పాణినీయం చేసినట్టు రోగీయం చేద్దామని నాకో చిలిపి ఆలోచన వచ్చింది. ఎందుకొద్దో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

కొత్తగా చేరిన ఒకతను:

ఇంత చర్చ ఎందుకన్నా? అందరూ రోగ్‌లైక్ అనే అంటున్నారు. జిరాక్స్‌ని ఎవరైనా అనువదించారా? అలాగే ఉంచేస్తే పోలా?

ప్రశ్న అడిగినవారు:

తమ్ముడూ, ఆడేవాళ్ళ మధ్య మాట్లాడుకునేటప్పుడు నేనూ రోగ్‌లైక్ అనే అంటాను. కానీ విజ్ఞాన సర్వస్వం చదివేది తెలిసినవాడు కాదు, తెలియనివాడు. అందుకే మొదటి వాక్యంలో తరహా, వెంటనే "వీటిని రోగ్‌లైక్‌లు అంటారు" అని రెండో వాక్యం పెడదామనుకుంటున్నాను. రోగ్‌లైక్ అని వెతికేవాళ్ళ కోసం దారిమార్పు పేజీ పెడతాం. ఒకటి చాలదు, రెండు పెట్టాలి. గ్ పక్కన కంటికి కనబడని ఆ విడదీసే అక్షరం ఉంటే రోగ్‌లైక్, లేకపోతే గకింద ల వత్తు వచ్చి రోగ్లైక్. మనకి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేరు మాటలు. తెలుగులో మధ్యలో పొల్లున్న ప్రతి ఆట పేరుకీ ఈ బాధ ఉంది. నెట్‌హ్యాక్‌కి కూడా.

నెట్‌హ్యాక్ అంటే గుర్తొచ్చింది. ఈ పేరు కూడా చదివేవాడిని రెండుసార్లు తప్పుదారి పట్టిస్తుంది. నెట్ అనగానే పదిమంది కలిసి ఇంటర్నెట్‌లో ఆడేదనుకుంటారు. కాదు, ఒక్కరే ఆడేది. హ్యాక్ అనగానే ఎవరి ఖాతానో కొల్లగొట్టడం అనుకుంటారు. అదీ కాదు. రోగ్ చూసి ముచ్చటపడి జే ఫెన్లాసన్, మరికొందరు విద్యార్థులు 1982 ప్రాంతంలో హ్యాక్ అనే ఆట రాశారు. కత్తి పట్టుకుని నరుక్కుంటూ పోయే హ్యాక్ అది. నెదర్లాండ్స్‌లో ఆండ్రీస్ బ్రౌవర్ దాన్ని చాలా పెంచి 1984 చివర్లో యూజ్‌నెట్ అనే ఆనాటి కంప్యూటర్ చర్చావేదికలో పంచారు. 1987 జులైలో మైక్ స్టీఫెన్‌సన్ బయటపెట్టిన రూపానికి నెట్‌హ్యాక్ అని పేరొచ్చింది. రాసేవాళ్ళు తలో ఊళ్ళో ఉండి, ఆ యూజ్‌నెట్ మీద ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ రాశారు కాబట్టి నెట్. అంటే ఆ నెట్ ఆడేవాళ్ళది కాదు, రాసినవాళ్ళది. ఇది ఒక వాక్యంలో ఇమడ్చడానికి వారం నుంచి కుస్తీ పడుతున్నాం.

అనువాదాలు చేసే ఆవిడ:

"రాసినవాళ్ళ నెట్" బాగుందండీ. అదే రాసేయండి. ఓపెన్ సోర్స్‌ని ఏం చేశారు?

ప్రశ్న అడిగినవారు:

అయ్యో, దాని కథ వేరే. ఒకరు "బహిరంగ మూలం" అన్నారు. సరే అని పెట్టాం. కిందికొస్తే వికీపీడియాలో ఆధారాల జాబితా పేరు "మూలాలు". ప్రోగ్రాం కోడ్‌ని "మూల సంకేతం" అని ఇంకో చోట రాశాం. ఆటకి మూలం రోగ్ అని ఇంకో వాక్యం. ఒక పేరాలో ఐదు మూలాలు. చివరికి ఒక సమీక్షకుడు వచ్చి "ఈ మూలానికి మూలం చేర్చండి" అని పెట్టారు. ఆయన దేన్ని అడిగారో ఇప్పటికీ తేలలేదు. ఓపెన్ సోర్స్‌ని ఓపెన్ సోర్స్ అనే ఉంచేశాం. దాని లైసెన్సు నెట్‌హ్యాక్ జనరల్ పబ్లిక్ లైసెన్స్, గ్నూ బైసన్ అనే ప్రోగ్రాం లైసెన్సు నమూనాలో రాసుకున్నది. ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, పంచేటప్పుడు అదే హక్కు ఎదుటివాడికీ ఇవ్వాలి. ఈ వాక్యం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆట ఆడే ఆయన:

పర్మాడెత్ గురించి అడగండి, మరిచిపోయారు.

ప్రశ్న అడిగినవారు:

అవును. "శాశ్వత మరణం" అని రాసి ఉంది. ఎవరికీ నచ్చడం లేదు. ఎందుకు నచ్చడం లేదో చెప్పడం కూడా రావడం లేదు.

తెలుగు మాస్టారు:

నేను చెబుతాను. తాత్కాలిక మరణం ఉన్నవాడికే శాశ్వత మరణం అనే మాట కావాలి. ఆటలాడేవాళ్ళకి మూడు ప్రాణాలు, ఐదు ప్రాణాలు మామూలు కాబట్టి వాళ్ళకి విశేషణం అవసరమైంది. ఆటలెరగనివాడు "శాశ్వత మరణం" చదివితే, మరణం శాశ్వతం కాక మరేమిటి అనుకుంటాడు. "తిరుగులేని చావు" అని మాత్రం రాయకండి. తిరుగులేని అంటే ఎదురులేని అని. తిరుగులేని వీరుడు అన్నట్టు తిరుగులేని చావు అవుతుంది. మాట కోసం వెతక్కండి, వాక్యం చెప్పండి. "చనిపోతే ఆట మళ్ళీ మొదటికొస్తుంది." మొదటికి రావడం అనే మాట మనకి ఉండనే ఉంది.

ఆట ఆడే ఆయన:

కానీ మాస్టారూ, ఒక చిక్కుంది. ఆట మధ్యలో ఆపి, దాచుకుని, రేపు మళ్ళీ అక్కడి నుంచే ఆడవచ్చు. కాకపోతే దాచినదాన్ని తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది. అందుకే చచ్చాక వెనక్కి పోవడానికి ఏమీ మిగలదు. "మొదటికొస్తుంది" అని ఊరుకుంటే అసలు దాచుకోవడమే కుదరదనుకుంటారు.

ఇంకో ముచ్చట. చచ్చినా అంతా పోదు. మీరు పోయిన చోటు ఒక్కోసారి ఒక ఫైలుగా మిగిలిపోతుంది. తర్వాతి ఆటలో మీ కొత్త మనిషి అక్కడికి వెళితే పాత మనిషి సామానంతా నేల మీద పడి ఉంటుంది. చాలావాటికి శాపం తగిలి ఉంటుంది. పక్కనే ఆ పాతాయన దయ్యం. ఈ ఫైళ్ళని ఇంగ్లిషులో బోన్స్ అంటారు. మావాళ్ళు "ఎముకలు" అని రాశారు. నాకేమో కసాయి కొట్టు గుర్తొస్తోంది.

అనువాదాలు చేసే ఆవిడ:

"అస్థికలు" అనండి. పోయినవాడి తాలూకు మిగిలినవి అనే అర్థం అందులోనే ఉంది. ఇంగ్లిషు మాట కన్నా ఇదే బాగా అతికింది. అస్థికల ఫైలు. ఒళ్ళు కాస్త జలదరిస్తుంది కూడా, జలదరించాలి మరి.

ప్రశ్న అడిగినవారు:

అబ్బ. ఈ ఒక్క మాట కోసమైనా ఈ చర్చ పెట్టినందుకు సంతోషంగా ఉంది.

ఆట జరిగే ఆ భూమి కింది చోటుని ఇంగ్లిషులో డంజన్ అంటారు, అదొకటి మిగిలింది. "చెరసాల" అని రాశాం, తప్పని తెలుసు. అక్కడ ఎవరూ ఖైదీ కాదు. మనంతట మనమే దిగుతాం. "నేలమాళిగ" అంటే ఒక గది. ఇక్కడ యాభై అంతస్తులదాకా ఉంటాయి.

తెలుగు మాస్టారు:

బిలం. కిష్కింధకాండ చదవండి. మాయావిని తరుముకుంటూ వాలి ఒక బిలంలోకి దిగుతాడు, సుగ్రీవుడు బయట కాపలా. లోపల ఏం జరుగుతోందో తెలియదు, చివరికి నెత్తురు కనబడుతుంది. అదే కాండలో సీతని వెతికే వానరులు ఇంకో బిలంలోకి పోతే లోపల చెట్లు, భవనాలు, స్వయంప్రభ అనే తాపసి. లోపలికి దిగితే రాక్షసుడు ఉండొచ్చు, అన్నం పెట్టే తల్లీ ఉండొచ్చు. మీ ఆట ఇదేగా?

కొత్తగా చేరిన అతను:

మాస్టారూ, ఇంతకీ మీరు ఆట ఎప్పుడు డౌన్‌లోడ్ చేస్తున్నారు?

తెలుగు మాస్టారు:

నిన్న రాత్రే చేశాను. మూడో అంతస్తులో పోయాను. ఆకలేసి ఒక శవాన్ని తిన్నాను. అది పాతబడిపోయిందట.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, అది అందరం చేసినదే. ఎప్పుడు చంపారో గుర్తులేని శవం జోలికి పోకండి. బల్లి శవం మాత్రం పాతబడదు. అది దొరికితే తినకుండా దాచుకోండి, ఒళ్ళు రాయిగా మారిపోతుంటే అదే మందు.

ఇంతవరకూ తేలినవాటితో మొదటి పేరా ఇలా వచ్చింది, చూడండి:

"నెట్‌హ్యాక్ ఒక్కరే ఆడే ఓపెన్ సోర్స్ కంప్యూటర్ ఆట. 1980 నాటి రోగ్ తరహా ఆటల్లో ఇదొకటి. వీటిని రోగ్‌లైక్‌లు అంటారు. ఆటగాడు ఒక బిలంలోకి దిగి, అంతస్తు తర్వాత అంతస్తు దాటుతూ యెండోర్ తాయెత్తును సంపాదించి బయటికి తేవాలి. బిలం అమరిక ప్రతి ఆటలోనూ మారుతుంది. పాత్ర చనిపోతే దాచుకున్న ఆట కూడా మిగలదు, మళ్ళీ మొదటి నుంచి ఆడాలి."

అనువాదాలు చేసే ఆవిడ:

తాయెత్తు బాగా కుదిరింది. రక్షరేకు కూడా అనుకోవచ్చు కానీ రేకు అంటే లోహం తప్పనిసరి అవుతుంది. కవచం అంటే మళ్ళీ యుద్ధంలో తొడుక్కునేది వేరే ఉంటుంది కదా. యెండోర్ ఏమిటి, ఊరా?

ఆట ఆడే ఆయన:

రాడ్నీ అనే పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో వెనక నుంచి చదివితే యెండోర్. అందుకే ఆటలో ఉన్న యెండోర్ మాంత్రికుడిని ఆడేవాళ్ళు ముద్దుగా రాడ్నీ అంటారు. ఈ సంగతి వ్యాసంలో పెట్టాలని నాకు ఒకటే పట్టుదల.

తెలుగు మాస్టారు:

పెట్టండి కానీ జాగ్రత్త. మనం తిరగేసేటప్పుడు అక్షరాన్ని విడగొట్టం. వికటకవి ఎటు నుంచి చదివినా వికటకవే అవుతోందంటే గుణింతం గుణింతంగానే ఉంచి తిప్పాం కాబట్టి. ఆ లెక్కన రాడ్నీని తిప్పితే డ్నీరా వస్తుంది. "రాడ్నీని తిరగేస్తే యెండోర్" అని ఊరికే రాస్తే తెలుగు చదివేవాడు వేళ్ళతో తిప్పి చూసుకుని మీకు లెక్క రాదనుకుంటాడు. "ఇంగ్లిషు లిపిలో" అని చేర్చండి.

కొత్తగా చేరిన అతను:

ఆటలో ఉత్తుత్తి తాయెత్తులు కూడా ఉంటాయట కదన్నా, చవక ప్లాస్టిక్‌వి? అవి వ్యాసంలో వద్దా?

ప్రశ్న అడిగినవారు:

ఉంటాయి తమ్ముడూ. ఎక్కడుంటాయో మాత్రం వ్యాసంలో రాయం. "ఇంగ్లిషు లిపిలో" చేర్చాను మాస్టారూ. డ్నీరా పేరుతో ఇప్పుడే కొత్త ఆట మొదలుపెట్టాను, రెండో అంతస్తులో ఉన్నాను.