కంప్యుటేషనల్ మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీ: ఇక్కడా, జర్మనీలోనా?

ప్రశ్న (విశాఖపట్నం):
నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. డెన్సిటీ ఫంక్షనల్ థియరీ (ఎలక్ట్రాన్ల సాంద్రత ఆధారంగా పదార్థాల గుణాలను లెక్కించే పద్ధతి) మీద చిన్న ప్రాజెక్టు చేశాక, బ్యాటరీ పదార్థాలను కంప్యూటర్ లెక్కలతో అధ్యయనం చేసే పరిశోధనలోనే పీహెచ్‌డీ చేయాలని నిశ్చయించుకున్నాను. నెట్ జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్‌కు జాతీయ పరీక్ష) రాసి ఇక్కడే ప్రయత్నించడం మేలా, లేక జర్మనీకి ఇప్పటినుంచే దరఖాస్తు చేయాలా? మా విభాగంలో ఈ పని తెలిసినవారు లేరు. ఈ లెక్కలకు వాడే వ్యాస్ప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా లేదు.

సమాధానం (బెంగళూరు):
ఒకటి రెండోదానికి అడ్డు కాదు. నెట్, గేట్, జెస్ట్ పరీక్షల్లో ఒకదానిలో మంచి ర్యాంకు వస్తే ఐఐఎస్సీ, జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్లకు దరఖాస్తు చేసుకోవచ్చు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000. అయితే సంస్థ పేరుకన్నా, మీరు చేరబోయే గ్రూపుకు సూపర్ కంప్యూటర్‌పై ఎంత సమయం దొరుకుతుందన్నదే నా దృష్టిలో ముఖ్యం. ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ, ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్లు ఉన్నాయి కానీ, మనం పంపిన లెక్క (జాబ్) క్యూలో ఎన్నాళ్లు నిలిచిపోతుందో అక్కడి విద్యార్థులే చెప్పగలరు. మొహమాటపడకుండా వారికి రాసి అడగండి.

సమాధానం (బోఖుమ్, జర్మనీ):
ఇక్కడ పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. ప్రాజెక్టుకు నిధులు వచ్చినప్పుడల్లా ప్రకటన వెలువడుతుంది కనుక, బోఖుమ్‌లోని ఐకామ్స్ పరిశోధన సంస్థ, డ్యూసెల్‌డార్ఫ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వెబ్‌సైట్లను ఏడాది పొడుగునా గమనిస్తూ ఉండాలి. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులకు ఏ దేశస్థులైనా అర్హులే. కాకపోతే నియామకానికి ముందు 36 నెలల్లో, చేరబోయే సంస్థ ఉన్న దేశంలో 12 నెలలకు మించి ఉండి చదవడమో పనిచేయడమో చేసి ఉండకూడదు. ముందు ఇక్కడ మాస్టర్స్ చేసి, ఆ వెంటనే వీటికి దరఖాస్తు చేద్దామనుకునేవారు ఈ నిబంధన దగ్గరే ఆగిపోతున్నారు.

సమాధానం (హైదరాబాద్):
పైవారిద్దరి మాటలతో ఏకీభవిస్తాను. లైసెన్సు గురించి దిగులు వద్దు. అదే పనికి వాడే క్వాంటమ్ ఎస్ప్రెస్సో సాఫ్ట్‌వేర్ ఉచితం. సిలికాన్ లెక్క మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. లెక్క కచ్చితత్వాన్ని నిర్ణయించే కటాఫ్ ఎనర్జీని, కె-పాయింట్లను పెంచుతూ పోయి, మొత్తం శక్తి ఎక్కడ స్థిరపడుతుందో గ్రాఫ్ గీసి మీ దరఖాస్తుకు జతచేయండి. ఆ తరువాత బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి అంతరం) చూడండి: ప్రయోగంలో దాదాపు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండే విలువ, పీబీఈ ఫంక్షనల్‌తో (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని ఉజ్జాయింపుగా లెక్కగట్టే సూత్రం) 0.6 దగ్గరే వస్తుంది. ఈ తేడాకు కారణం మీ ఇన్‌పుట్ ఫైలులో లేదు, ఆ ఫంక్షనల్ ఉజ్జాయింపులోనే ఉంది. ఆ కారణాన్ని ఇంటర్వ్యూలో బోర్డు మీద వివరించగల అభ్యర్థిని, పది సాఫ్ట్‌వేర్ల పేర్లు రాసుకొచ్చిన అభ్యర్థికన్నా ముందు తీసుకుంటారు.