దావీదు మహారాజు తన కన్నబిడ్డ విషయంలో ఎందుకు మౌనంగా ఉండిపోయాడు?

ప్రశ్న – హనుమకొండ, సండేస్కూలు ఉపాధ్యాయుడు

అందరికీ వందనములు. మా సంఘంలోని యువతకు బైబిలులోని సమూయేలు గ్రంథాలు రెండింటినీ వరుసగా బోధిస్తున్నాను. యెష్షయి 8 మంది కుమారులలో చిన్నవాడై బేత్లెహేములో గొర్రెలు కాచుకున్న దావీదు, అప్పటి రాజు సౌలు విసిరిన ఈటెను తప్పించుకొని, అదుల్లాము గుహలో అప్పులపాలైనవారిని, కష్టాలలో ఉన్నవారిని 400 మంది దాకా చేరదీసి, 30వ ఏట హెబ్రోనులో రాజై, ఏడున్నర సంవత్సరాల తర్వాత యెరూషలేముకు మారిన వృత్తాంతాన్ని పిల్లలు ఎంతో ఉత్సాహంగా విన్నారు. పోయిన ఆదివారం, దావీదు పెద్ద కుమారుడు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిచిన సంగతి ఉన్న రెండవ సమూయేలు 13వ అధ్యాయం చదువుతుండగా ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచి, "సార్, అమ్నోను తామారును పాడు చేసిండని తెలిసినంక వాళ్ళ నాయిన ఏం చేసిండు?" అని అడిగింది. నేను "చాలా కోపపడ్డాడు" అన్నాను. "అంతేనా సార్?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 – కరీంనగర్, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

తమ్ముడూ, ఆ అమ్మాయి సరైన చోటనే వేలు పెట్టింది. 11వ అధ్యాయం నుండి 13వ అధ్యాయం వరకు "పంపెను" అనే మాట ఎన్నిసార్లు వస్తున్నదో గమనించు. దావీదు మనుషులను పంపి పరుని భార్య అయిన బత్షెబను రప్పించుకొని పాపం చేశాడు. ఆమె భర్త ఊరియాను చంపించమని తన సేనాపతి యోవాబుకు ఉత్తరం రాసి, దానిని ఆ ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. అమ్నోను జబ్బు నటించినప్పుడు, అతని ఇంటికి వెళ్ళి వంట చేసి పెట్టమని తామారుకు కబురు పంపినవాడు కూడా ఆ తండ్రే. రెండేళ్ళ తర్వాత తామారు సొంత అన్న అబ్షాలోము బతిమాలగా అమ్నోనును అతని వెంట పంపింది కూడా ఆయనే. అమ్నోను అక్కడే హతుడయ్యాడు. కొడుకును నిలదీయబోతే ఊరియా పేరు ఎదురుగా వచ్చి నిలబడేది కనుకనే ఆయన నోరు పెగలలేదని నేను భావిస్తున్నాను. ఈ గ్రంథపు ప్రాచీన గ్రీకు అనువాదంలో మరొక కారణం కనిపిస్తుంది: అమ్నోను జ్యేష్ఠుడు, తండ్రికి ప్రియమైనవాడు, అందుకే ఆయన అతని మనసు నొప్పించలేదట. ఇది అమ్నోనుతో ఆగిన అలవాటు కూడా కాదు. "నువ్వు ఇట్లా ఎందుకు చేశావు" అని దావీదు తన మరో కుమారుడు అదోనీయాను ఏనాడూ అడగలేదని మొదటి రాజులు 1వ అధ్యాయంలో స్పష్టంగా ఉన్నది.

మన వేయిస్తంభాల గుడిలో 1163 నాటి కాకతీయ రుద్రదేవుని శాసనం రాజు గెలుపులను కీర్తిస్తుంది, రాజశాసనాల పద్ధతే అది. దావీదు చరిత్రనే మళ్ళీ చెప్పే దినవృత్తాంతాల గ్రంథం కూడా బత్షెబ సంగతిని, తండ్రి మీద అబ్షాలోము చేసిన తిరుగుబాటును వదిలిపెట్టింది. సమూయేలు గ్రంథకర్త మాత్రం వదలలేదు, ఆ ధైర్యానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

జవాబు 2 – జనగామ

అయ్యా, మాది గొర్లు కాసే కురుమ కుటుంబం కనుక ఈ కథ నాకు వేరుగా వినిపిస్తుంది. దావీదు గొల్యాతును కొట్టిన వడిసెలను మా నాయిన జొన్నచేను మంచె మీద తిప్పేవాడు. అబ్షాలోము అమ్నోనును చంపించింది గొర్రెల బొచ్చు కత్తిరించే రోజున జరిగిన విందులో. మా ఇంట్లో ఆ రోజున గొర్రెలను చెరువులో కడిగి, కాళ్ళు కట్టి పడుకోబెట్టి, పెద్ద కత్తెరతో పని ముగించిన తర్వాత యాటను కోసి, అయినవాళ్ళందరినీ పిలిచేవారు. పగ మనసులో పెట్టుకొని అటువంటి విందుకు పిలవడం ఎంత ఘోరమో మా వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రెండేళ్ళూ అబ్షాలోము అమ్నోనుతో మంచి గాని చెడు గాని మాట్లాడలేదని వాక్యం చెప్తున్నది. తండ్రి న్యాయం చేస్తాడని ఎదురుచూశాడేమోనని నాకు అనిపిస్తుంది. తర్వాత అతడు నగర ద్వారం దగ్గర నిలబడి, "నీ వ్యాజ్యం వినడానికి రాజు ఎవరినీ నియమించలేదు" అని వచ్చినవారందరికీ చెప్పాడంటే, అది సింహాసనం కోసం వేసిన ఎత్తే అయినా, అందులో ఆ ఇంటి బాధ కూడా ఉన్నది. సింహం నోట్లో నుండి గొర్రెపిల్లను విడిపించిన మనిషి కదా దావీదు! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు తామారు గుర్తుకొస్తుంది.

జవాబు 3 – కాజీపేట, ఒక సోదరి

అన్నలిద్దరూ తండ్రిని గురించి, కొడుకులను గురించి రాశారు. ఆ అమ్మాయి అడిగింది తామారును గురించి. తామారు ఊరుకోలేదు. రాజకుమార్తెలు ధరించే రంగురంగుల వస్త్రాన్ని చింపుకొని, తల మీద బూడిద పోసుకొని, ఏడుస్తూ వీధి వెంట నడిచింది. ఊరంతా వినేలా ఆమె మొరపెడుతుంటే, "ఊరుకో, అతడు నీ అన్న" అని చెప్పినవాడు సొంత అన్న అబ్షాలోమే. ఆమె అతని ఇంట్లోనే దిక్కులేనిదై ఉండిపోయింది. ఆ తిరుగుబాటులో అబ్షాలోము చనిపోయినప్పుడు దావీదు గుమ్మం మీది గదికి ఎక్కిపోతూ "నా కుమారుడా" అని పదే పదే ఏడ్చాడు. తామారు కోసం ఆయన ఏడ్చినట్టు ఒక్క మాట కూడా లేదు. అయితే 14వ అధ్యాయం 27వ వచనం దయచేసి పిల్లలకు చదివి వినిపించండి. అబ్షాలోముకు పుట్టిన కుమార్తె పేరు కూడా తామారే.

హనుమకొండ ఉపాధ్యాయుడు

అక్కా, ఆ వచనాన్ని ఇన్నేళ్ళుగా చదువుతూ కూడా నేను గమనించలేదు. వచ్చే ఆదివారం పాఠాన్ని ఆ అమ్మాయి చేతనే చదివిస్తాను, 13వ అధ్యాయం మొదటి నుండి.