సీలు విప్పని పాత పేకలు: విప్పితే అమ్మకపు ధర తగ్గుతుందా?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. 1970లలో అమెరికాలో వైద్యుడిగా పనిచేసి వచ్చిన మా పెదనాన్నగారి సామానులో నాలుగు పేకలు దొరికాయి. వాటిలో మూడు జెర్రీస్ నగెట్ అనే కాసినో పేరు మీద ఉన్నవి. రెండు ఎర్రవి, ఒకటి నీలిది. మూడింటికీ సెల్లోఫేన్ చుట్టు, మూత మీది సీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాలుగోది బైసికిల్ మార్కు 808 రకం పేక. దాని మూత మీద పన్ను స్టాంపు అంటించి ఉన్నందువల్ల అది మిగతా మూడింటికంటే పాతదని అనుకుంటున్నాను. అదీ విప్పనిదే.

సీలు విప్పితే విలువ సగానికి సగం పోతుందని మా బావగారు అంటున్నారు. లోపల యాభై రెండు ముక్కలూ ఉన్నాయో లేదో, అవి అసలువో నకిలీవో చూపించకుండా వందల డాలర్లు పోసి ఎవరు కొంటారని మా తమ్ముడి వాదన. పైగా ఈ సంక్రాంతికి ఆ ఎర్ర పేకతో రమ్మీ ఆడాలని పిల్లలు పట్టుబడుతున్నారు. అమ్మే ఉద్దేశం ఉన్నప్పుడు వీటిని విప్పవచ్చా, విప్పితే నష్టం ఏ మేరకు ఉంటుంది అన్నది అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

ఇస్పేటు ఆసు:

కృష్ణాతీరం గారికి, జెర్రీస్ నగెట్ పేకలు మూడింటినీ విప్పవద్దని నా సలహా. నార్త్ లాస్ వేగాస్‌లోని ఆ కాసినో కోసం యునైటెడ్ స్టేట్స్ ప్లేయింగ్ కార్డ్ కంపెనీ 1970లో వాటిని అచ్చువేసింది. అవి జూదపు బల్లల మీదికి చేరనే లేదు. కాసినోలోని బహుమతుల దుకాణంలో ఏళ్ల తరబడి డాలరుకు అటూ ఇటూగా అమ్ముడుపోయాయి. నిల్వ అడుగంటాక, అవి చేతిలో ఎంత నునుపుగా జారతాయో ఇంద్రజాలికులు కథలు కథలుగా చెప్పుకోవడంతో ధర వందల డాలర్లకు ఎగబాకింది. 2019లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటు ద్వారా సొమ్ము పోగుచేసి వాటిని మళ్లీ అచ్చువేశారు. కాబట్టి అమ్మేటప్పుడు మీవి పాత ముద్రణవని స్పష్టంగా చెప్పాల్సి ఉంటుంది.

ఈ పేకలో ఏ ముక్కలు ఉంటాయో, వాటి వెనక బొమ్మ ఎలా ఉంటుందో కొనేవాళ్లకు ముందే తెలుసు. సీలు చెప్పే విషయం ఒక్కటే: వీటికి ఇంతవరకు వేలు తగలలేదు, ఒక్క ముక్క కూడా బయటికి పోలేదు. అదనంగా ఇచ్చే ధర ఆ హామీకే. విప్పాక ముక్కలు అంతే కొత్తగా ఉండవచ్చు గానీ, వాటిని ఎవరూ కలపలేదని చెప్పడానికి మీ మాట తప్ప మరో సాక్ష్యం ఉండదు. ముక్కు ముఖం తెలియని అమ్మకందారు మాటకు అంత ధర కట్టేవారు తక్కువ.

మీ తమ్ముడి అనుమానం నిరాధారమైనది కాదు. ఈ పేకలకు నకిలీలు వచ్చాయి, విప్పిన పేకకు మళ్లీ కవరు తొడిగి అమ్మేవారూ ఉన్నారు. అయితే దాన్ని తేల్చుకోవడానికి విప్పక్కరలేదు. ఫ్యాక్టరీ సెల్లోఫేన్ రెండు చివరలా సిగరెట్టు పెట్టెకు ఉన్నట్టే మడతలు పడి అతికి ఉంటుంది. వేడిగాలితో బిగించిన ప్లాస్టిక్ కవరుకు మడతలు ఉండవు. ఒక అంచు వెంట అతుకు గీత, కొన్నిసార్లు గాలి పోవడానికి సన్నటి రంధ్రాలు కనబడతాయి. దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక ‘సగానికి సగం’ అన్నది నోటిమాటే, అలాంటి నిర్ణీత లెక్క ఏదీ లేదు. ఈబేలో అమ్మకానికి పెట్టిన ధరలు కాకుండా అమ్ముడుపోయిన ధరలు చూడండి. అదే రంగు పేక విప్పినది ఎంతకు పోయింది, విప్పనిది ఎంతకు పోయింది అని పక్కపక్కన పెట్టుకుంటే మీ నష్టం మీకే తెలుస్తుంది. ఇటీవలి పరిమిత ముద్రణల్లో ఈ తేడా మరింత కఠినం, ఎందుకంటే వాటిలో కొన్నింటికి వరుస సంఖ్య సీలు మీదే అచ్చవుతుంది. చింపితే ఆ సంఖ్య మధ్యకు చీలిపోతుంది.

హస్తలాఘవం:

నేను వేదికల మీద పేకముక్కలతో ప్రదర్శనలిచ్చేవాణ్ణి, కాబట్టి నా దృష్టి కొంత వేరు. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికి ఎవరూ పేకను తయారుచేయలేదు. విప్పిన జెర్రీస్ నగెట్ కోసం వెతికే మాలాంటివారు ఉన్నారు, మేము ఇచ్చేదీ చిన్న మొత్తం కాదు. కానీ మీరు రమ్మీ అన్నారు, అక్కడే చిక్కు వస్తుంది. పదమూడు ముక్కల ఆటకు ఒకే వెనకబొమ్మ ఉన్న పేకలు రెండు కావాలి. అంటే పిల్లల సరదా తీరాలంటే ఎర్రవి రెండూ విప్పాల్సిందే. సంక్రాంతి రాత్రి అరిసెల నూనె చేతులతో నాలుగు ఆటలు తిరిగాయంటే ముక్కల అంచుల మీద బూడిదరంగు గీత పడుతుంది. తెల్ల అంచున్న ముక్కల్లో ఆ మరక పేకను పక్కనుంచి చూడగానే తెలుస్తుంది, తుడిస్తే పోదు. అక్కడి నుంచి అది వాడిన పేకే అవుతుంది, ‘విప్పినా వాడనిది’ అనే తరగతి కూడా దక్కదు. ఆడుకోవడానికి 2019 ముద్రణవి రెండు కొనుక్కోండి.

తెనాలి రాంబాబు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అబ్బాయి పోకెమాన్ బొమ్మల కార్డుల పొట్లం విప్పితే లోపలి ఒక్క కార్డే పొట్లం ధరకు ఎన్నో రెట్లు పలికింది. మరి పేక విషయంలో విప్పితే నష్టమే అంటున్నారేమిటి?

ఇస్పేటు ఆసు:

రాంబాబు గారూ, అక్కడ అదృష్టానికి చోటుంది, ఇక్కడ లేదు. పోకెమాన్ పొట్లంలో ఏ కార్డు వస్తుందో తెలియదు కాబట్టే విప్పని పొట్లానికి ఆ ధర. మెరుపు కార్డు ఉన్న పొట్లం బరువు ఎక్కువని పాత పొట్లాలను చిన్న త్రాసులో తూచి వేరుచేసిన ఘనులు కూడా ఉన్నారు. ఎవరు విప్పినా పేకలో వచ్చేవి ఆ ముక్కలూ ఆ జోకర్లే. విప్పడం వల్ల ధర పెరిగే దారి లేదు.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. ఎర్రవి, నీలిది విప్పకుండానే ఉంచుతాము. బైసికిల్ 808 సంగతి మాత్రం తేలలేదు. దాని సెల్లోఫేన్ బిగుసుకుపోయి అట్టపెట్టె కొంచెం వంగినట్టు కనిపిస్తోంది. దానికీ ఇదే నియమమా?

పాతపెట్టె:

కృష్ణాతీరం గారూ, పాత పేకల విషయంలో ఈ నియమాన్ని అలాగే వర్తింపజేయడం సరికాదని నా అభిప్రాయం. అమెరికాలో పేకల మీద కేంద్ర పన్ను 1894లో మళ్లీ మొదలై 1965 జూన్‌లో రద్దయింది. కనుక స్టాంపున్న మీ పేక ఆ లోపుదే. మూత తెరిస్తే స్టాంపు చిరుగుతుంది కాబట్టి, పేక విప్పలేదని చెప్పడానికి సెల్లోఫేన్ కంటే అదే గట్టి రుజువు. 1970 నాటి మీ మిగతా మూడు పేకలకు ఆ సౌకర్యం లేదు. అయితే మీ నాలుగు పేకలనూ తయారుచేసిన యునైటెడ్ స్టేట్స్ ప్లేయింగ్ కార్డ్ కంపెనీ చాలా పేకల్లో ఇస్పేటు ఆసు మీద ఒక అక్షరంతో కూడిన సంకేతం అచ్చువేసేది, సేకర్తలు దాన్నిబట్టి ముద్రణ సంవత్సరాన్ని లెక్కగడతారు. అది లోపల ఉంటుంది. శతాబ్దం దాటిన పేకలు కొనేవారు సీలు కోసం కాక ఆ ఆసు కోసం, జోకరు కోసం, ముక్కల అంచుల కోసం చూస్తారు. వాటిలో విప్పనివి దొరకడమే అరుదు గనుక విప్పినదని ఎవరూ నొసలు చిట్లించరు. ఇంగ్లండు పేకల్లో ఇది ఇంకా స్పష్టం. అక్కడ 1862 వరకు సుంకం ముద్ర ఇస్పేటు ఆసు మీదే ఉండేది, కాబట్టి ఆ ముక్కను కళ్లతో చూడకుండా పేక వయసు చెప్పడం కష్టం.

మీ 808 అంత పాతది కాదు, అరుదైనదీ కాదు. బైసికిల్ పేక 1885 నుంచి అచ్చవుతూనే ఉంది, స్టాంపున్న పేకలు కూడా విరివిగా దొరుకుతాయి. దానికి వచ్చే ధర జెర్రీస్ నగెట్ ధరలో చిన్న భాగం మాత్రమే. పైగా సెల్లోఫేన్ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోయి పెట్టెను, లోపలి ముక్కలను కలిపి వంచేస్తుంది. ఆ వంపు ఏళ్ల తరబడి అలాగే ఉంటే ముక్కలు మళ్లీ చదునుగా పరుచుకోవు. నేనైతే స్టాంపు జోలికి పోకుండా పైనున్న సెల్లోఫేన్‌ను మాత్రం చిన్న కత్తెరతో ఒక చివర కోసి తీసేస్తాను. తీసినదాన్ని పారేయకుండా పేకతోపాటు దాచండి. ఆ తరువాత పేకను చదునైన చోట, తేమా ఎండా తగలకుండా పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. మన వేసవికి అది కరిగి అట్టకు అంటుకుపోతుంది.

ఇస్పేటు ఆసు:

సెల్లోఫేన్ తీయడం విషయంలో పాతపెట్టె గారితో నేను సగం మాత్రమే ఏకీభవిస్తాను. కొనేవారిలో ఆ చుట్టు ఉండి తీరాలనేవారు కూడా ఉన్నారు, కాబట్టి ముందుగా వంగిన స్థితిలోనే ఫొటోలు తీసి, వంపు గురించి రాసి అమ్మకానికి పెట్టి చూడండి. స్పందన లేకపోతే అప్పుడు కోయవచ్చు. జెర్రీస్ నగెట్ పేకలకు ఆరు వైపులా ఫొటోలు తీయండి, చివరల మడతలను, సీలును దగ్గరగా చూపించండి. ‘పూచీ నాది’ అని రాయడం కంటే ఈ పేక మీ ఇంటికి ఎలా వచ్చిందో రాయడమే కొనేవారికి ఎక్కువ పనికొస్తుంది. పెదనాన్నగారి ఆనాటి రశీదో, ప్రయాణపు కాగితమో దొరికితే దాని ఫొటో కూడా జతచేయండి. మూడింటినీ ఒకే మొత్తంగా అమ్మకండి. ఎర్రదీ నీలిదీ కలిపి జతగా కావాలనేవారు ఉంటారు, ముందు ఆ రెంటినీ పెట్టి, మిగిలిన ఎర్రదాన్ని వాటి ధర తేలాక పెట్టండి.