అప్‌డేట్: పిల్లలతో సాగర్ వెళ్లొచ్చాం

ముంబై నుంచి వచ్చిన అక్క పిల్లలకు నల్లగొండ నుంచి ఒక్క రోజులో ఏం చూపించొచ్చని పోయిన వారం అడిగాను కదా. సాగర్ వెళ్లొచ్చాం. నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవని చెప్పినవాళ్లకు దండం. మేం సరిగ్గా శుక్రవారమే అనుకున్నాం! శనివారానికి మార్చాం.

హాలియా దాటకముందే ఒక బత్తాయి తోట దగ్గర బండి ఆపాం. చిన్నోడు చెట్టు మీద కాయ చూడటం అదే మొదటిసారి. "మామా, ఇవి ఎవరు కట్టారు?" అన్నాడు. తోటాయన నవ్వి నాలుగు కాయలు ఊరికే ఇచ్చాడు.

లాంచీ స్టేషన్‌లోనే కొంచెం టెన్షన్. జనం నిండేదాకా లాంచీ కదలదట, గంటకు పైగా కూర్చున్నాం. తినడానికి ఏమైనా తీసుకెళ్లండి. కదిలాక మాత్రం పిల్లలు అన్నీ మర్చిపోయారు. డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని, అక్కడ తవ్వకాల్లో దొరికినవాటిని ముందే కొండ మీదికి చేర్చారని చెప్పాను. "అయితే మన కింద ఊరుందా?" అని పెద్దది రెయిలింగ్ వదల్లేదు.

డ్యామ్ 26 గేట్లూ లెక్కపెట్టారు, ఒక్కటీ తెరిచి లేదు. సాగర్‌లోనే ఉన్న బౌద్ధ థీమ్ పార్క్ బుద్ధవనానికి టైం సరిపోలేదు. చేపల పులుసు మాత్రం వదల్లేదు.