అమ్మాయిల టీమ్‌లో కీపర్‌ని గ్లవ్స్ చూసి తీసుకోవాలా, బ్యాట్ చూసి తీసుకోవాలా?

గుంటూరు నాన్న:
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, కీపర్. ఈమధ్య ఒక సెలక్షన్ ట్రయల్‌లో స్పిన్నర్లకి ఒక్క బై (కీపర్ చేతికి చిక్కని బంతికి వచ్చే పరుగు) కూడా వదల్లేదు. అయినా "బ్యాటింగ్ పెంచుకో తల్లీ, కీపింగ్ ఎవరైనా చేస్తారు" అని పంపేశారు. 2025 వరల్డ్‌కప్‌లో వైజాగ్ మ్యాచ్‌లో మన ఇండియా కీపర్ రిచా ఘోష్ ఎనిమిదో నంబర్లో దిగి 94 కొట్టిన దగ్గర్నుంచి అందరిదీ ఇదే మాట. నిజంగానే కీపింగ్‌కి విలువ లేదాండీ?

పటమట పుల్‌షాట్:
అన్నా, వినడానికి కష్టంగా ఉంటుంది గానీ వాళ్లు చెప్పింది కరెక్టే. ఆ రోజు సౌతాఫ్రికా మీద మనది 102కి 6 వికెట్లు. రిచా వల్లే 251 దాకా వెళ్లాం. ఫైనల్లో కూడా 24 బంతుల్లో 34 కొట్టింది. ఆ పరుగులు ఏ స్టంపింగ్ (బ్యాటర్ గీత దాటితే కీపర్ వికెట్లు పడగొట్టడం) ఇస్తుంది?

పాత గ్లవ్స్:
వైజాగ్ మ్యాచ్ చివరికి ఓడాం బాబూ, అది కూడా చెప్పు.
నేను యూనివర్సిటీ టీమ్‌కి కీపింగ్ చేశాను. మగవాళ్ల క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్‌కి కీపర్ ఎక్కడో వెనక నిలబడతాడు, బంతిని చూసుకునే టైమ్ ఉంటుంది. మన ఆడవాళ్ల ఆటలో వేగం తక్కువ. అందుకే మీడియం పేసర్లకి కూడా చాలాసార్లు స్టంప్స్ దగ్గరే నిలబడాలి. లెగ్ సైడ్ పడిన బంతి బ్యాటర్ ఒంటి చాటుకి వెళ్తే కాసేపు కనిపించనే కనిపించదు. ఎక్కడ తేలుతుందో ఊహించి చేతులు అక్కడ పెట్టాలి. 2017 వరల్డ్‌కప్ సెమీఫైనల్లో నటాలీ సివర్ బౌలింగ్‌లో ఇంగ్లండ్ కీపర్ సారా టేలర్ సౌతాఫ్రికా బ్యాటర్ త్రిష చెట్టిని స్టంప్ చేసింది అలాగే. ఆ మ్యాచ్ ఇంగ్లండ్ రెండే వికెట్ల తేడాతో గెలిచింది. త్రిష ఇంకో పది ఓవర్లు ఆడి ఉంటే ఏమయ్యేదో లెక్కేసుకో. "ఎవరైనా చేస్తారు" అనేవాళ్లకి గ్లవ్స్ ఇచ్చి ఒక్క ఓవర్ నిలబెట్టండి, చాలు.

పటమట పుల్‌షాట్:
సారా టేలర్ పేరెత్తి మీరే నా పాయింట్ గెలిపించారు మేడమ్. వన్డేల్లో ఆవిడవి 4,056 పరుగులు, 7 సెంచరీలు. బ్యాట్ లేకపోతే ఆ చేతులు మనదాకా వచ్చేవా?

పాత గ్లవ్స్:
సరే, టేలర్‌ని పక్కన పెడదాం. కీపర్ అలీసా హీలీని చూడు. ఆస్ట్రేలియా టీమ్‌లోకి 2010లో వచ్చింది. తొలి వన్డే సెంచరీ 2018 మార్చిలో, వడోదరలో, మన మీదే. అన్నేళ్లూ ఆమెని టీమ్‌లో ఉంచింది ఏంటి? గ్లవ్సే. వాళ్లు ఓపిక పట్టారు గనకే తర్వాత 2020 టీ20 వరల్డ్‌కప్ ఫైనల్లో 75, 2022 వరల్డ్‌కప్ ఫైనల్లో 170 వచ్చాయి.

స్కోర్‌బుక్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఓపిక అనగానే మన విజయవాడ కీపర్ కల్పన గుర్తొచ్చింది. ఆటో డ్రైవర్ గారి కూతురు. 2015లో న్యూజిలాండ్ మీద ఇండియా టీమ్‌లోకి వస్తే ఊరంతా సంబరపడ్డాం. మొత్తం ఆడింది 7 వన్డేలు, 2016 తర్వాత మళ్లీ లేదు. హీలీకి ఏళ్లు, మన పిల్లకి 7 మ్యాచ్‌లు.

పటమట పుల్‌షాట్:
ఆస్ట్రేలియాకి పైన కొట్టేవాళ్లు బోలెడుమంది, కాబట్టి కీపర్ పరుగుల కోసం ఆగగలిగారు. మనకి అప్పట్లో మిథాలీ, హర్మన్ అవుటయితే గుండెల్లో రాయి. ఆ పరిస్థితిలో ఏడో నంబర్లో కీపర్ కొట్టకపోతే కుదరదు. ఇది ఒక్క కల్పన గురించి కాదు, తానియా భాటియా అంతకంటే మంచి కీపర్ అంటారు, ఆమెనీ దాటి రిచా వచ్చింది.

స్కోర్‌బుక్:
తానియా పేరు తెచ్చావు గనక చెబుతున్నా. 2021 బ్రిస్టల్ టెస్టులో ఓటమి అంచున స్నేహ్ రాణాతో కలిసి తొమ్మిదో వికెట్‌కి విడిపోకుండా 104 జోడించింది ఆవిడే. తనవి 44 నాటౌట్. సిక్సులు లేవు గానీ టెస్టు ఓడకుండా డ్రా అయింది. ఇప్పుడు బ్యాటింగ్ అంటే అందరూ సిక్సులే చూస్తున్నారు, నా గొడవ అక్కడ.

గుంటూరు నాన్న:
మీ ఇద్దరి మాటా వింటుంటే టెన్షన్ పెరుగుతోంది గానీ తగ్గట్లేదు. ఇంతకీ మా పిల్లని ఏం చేయమంటారు?

పాత గ్లవ్స్:
కీపింగ్ మాత్రం తగ్గించకండి అన్నయ్యా. ఈ వయసులో వంగి కూర్చోవడం, పాదాల కదలిక వస్తేనే వస్తాయి, తర్వాత నేర్పినా అంత తొందరగా పట్టుబడవు. పవర్ హిట్టింగ్ ఇరవై ఏళ్లకి ఒంట్లో బలం వచ్చాక పెంచుకోవచ్చు. ఇప్పటికి స్వీప్, సింగిల్ తీయడం బాగా వస్తే చాలు.

పటమట పుల్‌షాట్:
ఇరవై దాకా ఆగమంటే ఎలా మేడమ్? రిచా ఇండియాకి ఆడేనాటికి పదహారేళ్లే. అండర్-19 సెలక్షన్స్‌లో ఇద్దరు కీపర్లుంటే ఎక్కువ కొట్టే అమ్మాయినే తీసుకుంటారు, అది మారేదాకా పిల్లని రోజూ నెట్స్‌లో బ్యాటింగ్‌కి పంపు అన్నా.

పాత గ్లవ్స్:
పంపండి, కాదనను. కానీ ముందు కీపింగ్ అయ్యాక పంపండి. కాళ్లు అలసిపోయాక బ్యాటింగ్ చేయగలగాలి, మ్యాచ్‌లో యాభై ఓవర్లు వంగి లేచాక దిగాల్సింది అలాగే కదా.